జర్మన్ మిలిటరీ పాత వస్తువులు, సైనికుల ఆటోగ్రాఫ్‌లు కలెక్ట్ చేయడం ఎలా? నకిలీలకి దొరక్కుండా మొదలుపెట్టే పద్ధతి

"అన్నా, జర్మన్ మెడల్ ఐరన్ క్రాస్ ఒకటి దొరికింది, ఒరిజినలేనా చూసి చెప్పు" అని మసక మసక ఫోటో ఒకటి వస్తుంది. ఆ వెంటనే ఇంకొకరు, "జర్మన్ పైలట్ సంతకం పెట్టిన ఫోటో తక్కువకి వస్తోంది, తీసేసుకోనా?" అందరికీ విడివిడిగా టైప్ చేసి చేసి విసుగొచ్చింది, అందుకే మొత్తం ఒకేచోట రాసేస్తున్నా, ఇకమీద ఎవరడిగినా ఇదే పంపిస్తా.

నేను ఉండేది జర్మనీలోనే. ఆదివారం వచ్చిందంటే ఇక్కడి ఫ్లోమార్క్ట్‌లలో తిరగడం అలవాటు, మన అబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారు లాంటిదే, కాకపోతే ఇక్కడ పాత పుస్తకాల పక్కనే తాతగారి ఆల్బమ్‌లు, ఉత్తరాల కట్టలు కూడా పరుస్తారు.

ఒక విషయం ముందే తేల్చేద్దాం. హిట్లర్‌ని హీరో అనుకుని ఇందులోకి వచ్చేవాళ్లకి ఇక్కడ పనేం లేదు, వేరే చోటు చూసుకోండి. కోట్లమందిని పొట్టనపెట్టుకున్న రెండో ప్రపంచ యుద్ధం ఇది. ఆ సంగతి గుర్తుంచుకునే, అందులో ఇరుక్కున్న ఒక మామూలు సిపాయి జేబులో ఏ కాగితం ఉండేది, ఇంటికి ఏం రాశాడు అని తెలుసుకోవాలన్న కుతూహలం ఉంటే చదవండి.

ఇందులో అసలు కిటుకు తేదీలు కలపడం. మనిషి ఎప్పుడు పుట్టాడు, ఎప్పుడు జైల్లో ఉన్నాడు, ఎప్పుడు పోయాడు, ఆ పెన్ను ఎప్పుడొచ్చింది, ఆ కాగితం ఎప్పటిది, ఇవన్నీ ఒకదానికొకటి అతకాలి. లోహం చూసి, పాలిష్ చూసి చెప్పేంత కన్ను రావడానికి ఏళ్లు పడుతుంది, తేదీలు కలపడం మాత్రం ఈ రాత్రి నుంచే మొదలుపెట్టొచ్చు, పైగా రూపాయి ఖర్చుండదు.

ఏమేం కావాలి

- 10ఎక్స్ లూప్ ఒకటి, బంగారం షాపులో వాడతారే అదే. వీలైతే 30ఎక్స్ ది కూడా.
- యూవీ టార్చ్. 365 నానోమీటర్లది తీసుకోండి. 395 రాసి ఉన్న చవక టార్చ్‌లు ఊదా వెలుతురే ఎక్కువ కొడతాయి, తేడా సరిగ్గా తెలీదు.
- చిన్న అయస్కాంతం, వెర్నియర్ లేదా మంచి స్కేలు.
- పాలియెస్టర్ స్లీవ్‌లు, యాసిడ్ లేని కాగితం కవర్లు. స్టేషనరీ షాపులో దొరికే మెత్తటి పీవీసీ ఫోల్డర్లు వద్దు.
- పాత జర్మన్ చేతిరాత అక్షరాల చార్ట్ ప్రింట్ తీసింది. కుర్రెంట్, జ్యూటర్లిన్ అని వెతకండి.
- ఒక ఎక్సెల్ షీట్.
- నెలకి ఇంతే అని బడ్జెట్. ఇది లేకపోతే పైవన్నీ ఉన్నా లాభం లేదు.

1. ముందు మీరున్న దేశం చట్టం చూసుకోండి

జర్మనీలో శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ ప్రకారం నాజీ గుర్తులు బయట చూపించడం, పంచడం నేరం, 3 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. చదువు, పరిశోధన, చరిత్ర లాంటి వాటికి మినహాయింపు ఉంది. ఇంట్లో బీరువాలో పెట్టుకుంటే ఎవరూ ఏమనరు, అదే వస్తువు ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లోనో ఇన్‌స్టాలోనో పెడితే కథ వేరు. ఇక్కడి వేలం కేటలాగుల్లో స్వస్తిక మీద చిన్న స్టిక్కర్ వేసి ఉండటం చూస్తారు, కారణం ఇదే. మన గుమ్మం మీది స్వస్తిక్‌కీ దీనికీ సంబంధం లేదని మనకి తెలుసు, పక్క ఫ్లాట్ ఆయనకి తెలియాలని లేదు.

ఆస్ట్రియాలో 1947 నాటి నిషేధ చట్టం ఇంకా గట్టిది. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లు మరీ జాగ్రత్త, 2024 జనవరి 8 నుంచి అక్కడ నాజీ గుర్తులున్న వస్తువుల వ్యాపారం మీదే దేశమంతా నిషేధం ఉంది. అమెరికాలో కొనడం అమ్మడం చట్టబద్ధమే గానీ, పెద్ద ఆన్‌లైన్ సైట్లకి వాటి సొంత ఆంక్షలున్నాయి, లిస్టింగ్ మధ్యలోనే లేచిపోవచ్చు.

ఇండియాకి తెప్పించుకునేవాళ్లు కత్తులు, బాయొనెట్‌లు, తూటాల జోలికి పోకండి. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాలు దాటిన బ్లేడు లెక్కలోకి వస్తుంది, జర్మన్ రైఫిల్ బాయొనెట్ బ్లేడు దాదాపు 25 సెంటీమీటర్లు, అంటే దాటేసినట్టే. కస్టమ్స్ దగ్గర గిఫ్ట్ అని అబద్ధం రాయించొద్దు, బిల్లు ఉన్నదున్నట్టు పెట్టించండి.

2. మెడల్స్‌తో కాదు, కాగితాలతో మొదలుపెట్టండి

అందరూ చేసే మొదటి తప్పు ఇక్కడే. మెడల్ మెరుస్తుంది, ఫోటోలో బాగుంటుంది, అందుకే దానికి డిమాండ్, డిమాండ్ ఉన్నచోటే నకిలీ. అదే ఒక మామూలు సైనికుడు భార్యకి రాసిన ఉత్తరం కొన్ని యూరోలకే దొరుకుతుంది, అంత చవకదానికి నకిలీ తయారు చేసి ఎవడు బాగుపడతాడు? మొదటి ఏడాది ఉత్తరాలు, ఫోటోలు, సర్వీస్ బుక్కులతోనే గడిపేయండి, ఈలోగా కన్ను పదునెక్కుతుంది.

ఎస్ఎస్ (నాజీ పార్టీ సొంత సాయుధ దళం) వస్తువులైతే అసలు ముట్టుకోవద్దు. పుర్రె బ్యాడ్జీ, రూన్ అనే పాతకాలం అక్షరాల కాలర్, ఉంగరం, వీటిలో నకిలీలు కుప్పలు తెప్పలు, చూసి చెప్పగలిగిన వాళ్లు కొద్దిమంది.

3. ఫెల్డ్‌పోస్ట్ (సైనిక తపాలా) ఉత్తరం ఎలా చదవాలి

యుద్ధంలో ఉన్న సైనికుడు ఇంటికి రాసే ఉత్తరం ఫ్రీ, 250 గ్రాముల దాకా స్టాంపు అక్కర్లేదు. కాబట్టి కవరు మీద స్టాంపు లేదంటే ఊడిపోయిందని కంగారుపడకండి, ఉండకపోవడమే మామూలు. పంపినవాడి పేరు పక్కన 5 అంకెల నంబర్ ఉంటుంది, అదే ఫెల్డ్‌పోస్ట్ నంబర్. ఊరి పేరు, యూనిట్ పేరు శత్రువుకి తెలియకుండా ఈ నంబర్ పెట్టారు.

చేయాల్సింది వరసగా ఇది. ముందు పోస్ట్‌మార్క్ తేదీ రాసుకోండి. తర్వాత లోపలి ఉత్తరం మీద తేదీ చూడండి, రెండిటి మధ్య నాలుగైదు రోజులుంటే సరే, ఉత్తరం తేదీ పోస్ట్‌మార్క్ కంటే తర్వాతిదైతే వేరే కవర్లో దూర్చారన్నమాట. ఆ తర్వాత నంబర్ పట్టుకుని ఏ యూనిట్టో వెతకండి, లిస్టులు పుస్తకాలుగా, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఇక్కడో మెలిక ఉంది, ఒకే నంబర్‌ని కొంతకాలం తర్వాత తీసేసి వేరే యూనిట్‌కి ఇచ్చిన సందర్భాలున్నాయి, అందుకే నంబర్ ఒక్కటే చాలదు, ఆ తేదీకి ఆ నంబర్ ఎవరిదో చూడాలి.

నీలం రంగు విమానం స్టాంపు ఉంటే అది ఎయిర్ మెయిల్‌ది, బొమ్మలో ఉండేది యుంకర్స్ 52 విమానం. ఆ స్టాంపు 1942 ఏప్రిల్‌లో వచ్చింది. 1941 ఉత్తరం మీద అది అంటించి ఉంటే అక్కడితో ఆపేయండి.

"స్టాలిన్‌గ్రాడ్ ఉత్తరం" అని బోర్డు పెట్టారంటే ధర పదింతలు ఎక్కేస్తుంది, కాబట్టి ఇక్కడ గట్టిగా పట్టుకోండి. అక్కడ జర్మన్ 6వ ఆర్మీని సోవియట్ సైన్యం చుట్టుముట్టడం పూర్తయింది 1942 నవంబర్ చివర్లో, ఆఖరి సైనికులు లొంగిపోయింది 1943 ఫిబ్రవరి 2న. జనవరి చివరి వారానికే ఎయిర్‌ఫీల్డ్‌లు చేజారాయి, విమానం దిగే చోటే లేకపోతే ఉత్తరం బయటికెలా వస్తుంది? నంబర్ 6వ ఆర్మీ యూనిట్‌ది కావాలి, తేదీ ఆ మధ్యలో ఉండాలి. రెండిట్లో ఏది కలవకపోయినా అది మామూలు ఈస్ట్ ఫ్రంట్ ఉత్తరమే, మామూలు ధరే ఇవ్వండి.

ఒక ఉత్తరాన్ని లూప్ కింద పెట్టి చూడండి, నిజంగా సరదాగా ఉంటుంది. చాలావరకు కాపీయింగ్ పెన్సిల్‌తో రాసి ఉంటాయి, పొడిగా ఉన్నచోట బూడిద రంగు, చెమ్మ తగిలినచోట ఊదా రంగు. ఒక అక్షరం సగం బూడిద, సగం ఊదా అయ్యి అంచు దగ్గర చిన్నగా పాకి ఉంటుంది. విషయం మాత్రం మీరనుకునే యుద్ధం కాదు, ఉన్ని సాక్సులు పంపు, పొగాకు పంపు, పాపకి జ్వరం తగ్గిందా, పక్కింటివాళ్లు అప్పు తీర్చారా.

4. సోల్డ్‌బుక్, వేర్‌పాస్

ఈ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. సోల్డ్‌బుక్ సైనికుడి జేబులో ఉండేది, జీతం, ప్రమోషన్, ఆస్పత్రి, మెడల్స్ అన్నీ అందులోనే. వేర్‌పాస్ యూనిట్ ఆఫీసులో ఉండేది, డిశ్చార్జ్ అయితే మనిషికి, చనిపోతే ఇంటివాళ్లకి ఇచ్చేవాళ్లు. మొదట్లో ఇచ్చిన సోల్డ్‌బుక్కుల్లో ఫోటో ఉండేది కాదు, తర్వాత అతికించారు. ఫోటో లేదని బేరం వదులుకోకండి, ఉంటే మాత్రం స్టాంపు ముద్ర ఫోటో మీద సగం, పేజీ మీద సగం పడిందా, ఆ గీత తెగకుండా కలుస్తోందా చూడండి. ఫోటో మార్చిన పుస్తకం ఇక్కడే దొరుకుతుంది.

చెక్ చేసే పద్ధతి:

ఎ) 12, 13 పేజీల దగ్గర ఆస్పత్రి ఎంట్రీలుంటాయి, 22వ పేజీలో అవార్డులు. గాయపడినవాళ్లకి ఇచ్చే బ్యాడ్జీలో నలుపు 1 లేదా 2 గాయాలకి, వెండి 3 లేదా 4కి, బంగారు రంగుది 5 అంతకంటే ఎక్కువకి. 22వ పేజీలో వెండి బ్యాడ్జీ రాసి, ఆస్పత్రి పేజీ ఖాళీగా ఉంటే ఎవరో తర్వాత అవార్డు "పెంచారు" అనుకోవచ్చు. అన్ని గాయాలకీ ఆస్పత్రిలో చేరాలని లేదు, ఫీల్డ్‌లోనే కట్టుకట్టి పంపినవీ ఉంటాయి, కానీ ఒక్క ఎంట్రీ కూడా లేకపోతే అనుమానపడాల్సిందే.

బి) నాలుగైదేళ్లపాటు వేరే వేరే ఊళ్లలో, వేరే వేరే క్లర్కులు రాసిన పుస్తకం ఇది. మొత్తం ఒకే చేతిరాత, ఒకే ఇంకు ఉంటే ఒకేసారి కూర్చుని ఎవరో నింపేశారు.

సి) పిన్నుల తుప్పు చూడండి. తుప్పు మరక కాగితంలోకి ఇంకి, ఎదురు పేజీ మీద కూడా దాని నీడ పడాలి. తెల్లటి కాగితంలో తుప్పుపట్టిన పిన్ను గుచ్చి ఉంటే పేజీలు మార్చి కుట్టారేమో చూసుకోండి.

డి) స్వస్తిక గీకేసి, సిరా పూసేసి ఉంటే కంగారుపడొద్దు. యుద్ధం అయిపోయాక భయపడి ఇంటివాళ్లే అలా చేశారు, ధర తగ్గుతుంది గానీ నకిలీ అని కాదు.

అనుమానం మిగిలితే బెర్లిన్‌లోని బుండెస్‌ఆర్షీఫ్‌కి (జర్మనీ జాతీయ ఆర్కైవ్) రాయొచ్చు. సైనికుల వివరాలు చూసే పాత ఆఫీసు 2019 నుంచి అందులోనే కలిసిపోయింది. ఫారం నింపి పేరు, పుట్టిన తేదీ, డాగ్ ట్యాగ్ (సైనికుడి మెడలో ఉండే గుర్తింపు బిళ్ల) మీద ఉన్నది ఇవ్వాలి. జవాబు ఆలస్యంగా వస్తుంది, ఫీజు ఉంటుంది, చవక వస్తువుకి ఇంత తతంగం అనవసరం.

డాగ్ ట్యాగ్ అన్నాను కాబట్టి ఇంకో మాట, ఇది కొంచెం గట్టిగానే చెప్తా. జర్మన్ డాగ్ ట్యాగ్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, మధ్యలో చిల్లుల గీత, రెండు సగాల మీదా అదే సమాచారం. మనిషి చనిపోతే కింది సగం విరిచి రిపోర్టుకి పంపేవాళ్లు, పై సగం శవంతోనే. విరగకుండా, మట్టి పట్టి, తుప్పుపట్టి ఉన్న మొత్తం ట్యాగ్ ఎవరైనా అమ్ముతున్నారంటే ఎక్కడో పొలంలో తవ్వి తీసుండొచ్చు, ఆ సైనికుడు ఇప్పటికీ మిస్సింగ్ లిస్టులోనే ఉండొచ్చు. అలాంటివి కొనొద్దు. యుద్ధ సమాధులు చూసుకునే ఫోక్స్‌బుండ్ అనే సంస్థ 1919 నుంచి ఉంది, వాళ్లు శవాలు గుర్తించేది ఎక్కువగా ఈ ట్యాగ్‌లతోనే, ట్యాగ్ లేకపోతే ఎముకలకి పేరుండదు. వాళ్ల సైట్‌లో పేరు కొట్టి సమాధి ఎక్కడుందో వెతుక్కోవచ్చు, మీ దగ్గరున్న ఉత్తరం రాసినవాడికి ఏమైందో తెలుసుకోవడానికి కూడా అదే మంచి దారి.

5. ఐరన్ క్రాస్ కొనే తీరాలనుకుంటే

ఐరన్ క్రాస్‌ని 1813లో ప్రష్యా రాజు పెట్టాడు, తర్వాత 1870, 1914, 1939లో మళ్లీ తెచ్చారు. సెకండ్ క్లాస్‌ది లక్షల్లో ఇచ్చారు, కాబట్టి అసలుది దొరకడం కష్టమేం కాదు, మామూలు స్థితిలో ఉన్నది వంద యూరోల చుట్టుపక్కల ఉంటుంది. అందులో పదో వంతుకి ఇస్తానంటే ఎందుకు ఇస్తున్నాడో మీరే ఆలోచించుకోండి.

పక్క నుంచి చూడండి, ఎదురుగా కాదు. అసలుది మూడు ముక్కలు, మధ్యలో నల్ల రంగు వేసిన ఇనుప పలక, దానికి రెండు వైపులా ఫ్రేము, రెండు ఫ్రేములు కలిపి టంకం పెట్టి ఉంటాయి. లూప్‌తో అంచు చుట్టూ తిప్పితే ఆ అతుకు గీత సన్నగా కనబడాలి, పలకకీ ఫ్రేముకీ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. ఒకే అచ్చులో పోసిన నకిలీకి ఆ గీత ఉండదు, అంకెల మూలలు మెత్తగా, సబ్బు అరిగినట్టుంటాయి. వెడల్పు 44 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అయస్కాంతం మధ్యలో అతుక్కోవాలి, ఇనుము కాని పలకలు ఉన్న అసలువీ కొన్ని ఉన్నాయి, కానీ అవి కొత్తవాళ్లకి సంబంధించిన గొడవ కాదు. ఇంకో సంగతి, అయస్కాంతం అతుక్కుందని సంబరపడొద్దు, ఇనుముతో చేసిన నకిలీకి కూడా అతుక్కుంటుంది.

రింగు మీద చిన్న నంబర్ ఉంటే అది తయారీదారుది, 4 అంటే ష్టైన్‌హాయర్ ఉండ్ ల్యుక్, 65 అంటే క్లైన్ ఉండ్ క్వెన్సర్. నంబర్ లేనివి కూడా బోలెడు.

1957 మోడల్‌తో పొరబడేవాళ్లు ఎక్కువ. యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీ 1957లో చట్టం చేసి, పాత మెడల్స్‌ని స్వస్తిక లేకుండా పెట్టుకోవచ్చంది. అప్పుడు తయారైన ఐరన్ క్రాస్ మధ్యలో స్వస్తిక బదులు ఓక్ ఆకులుంటాయి. అది నకిలీ కాదు, చట్టబద్ధంగా చేసిందే, యుద్ధకాలంది మాత్రం కాదు. "అరుదైన వెర్షన్" అని అమ్మితే నవ్వి ముందుకెళ్లండి. నిజానికి జర్మనీలో ఉండి ఏ తలనొప్పీ లేకుండా షోకేసులో పెట్టుకోవాలంటే ఇదే బెస్ట్.

నైట్స్ క్రాస్ (ఐరన్ క్రాస్‌లో పై మెట్టు మెడల్) జోలికి వెళ్లకండి. అది దక్కింది 7 వేల చిల్లర మందికే, ధర వేల యూరోల్లో, నకిలీ చేసేవాళ్లలో నిజమైన పనివాళ్లంతా దాని మీదే ఉన్నారు.

6. యూవీ పరీక్ష, అందరూ తప్పుగా చేసేది

కాగితం, గుడ్డ తెల్లగా కనబడటానికి వాడే ఆప్టికల్ బ్రైట్‌నర్లు మామూలు వాడకంలోకి వచ్చింది యుద్ధం తర్వాతే. యూవీ కింద అవి నీలం తెలుపుగా మెరుస్తాయి. 1983లో ష్టెర్న్ పత్రిక 93 లక్షల మార్కులు పోసి కొన్న నకిలీ హిట్లర్ డైరీలు గుర్తున్నాయా, బుండెస్‌ఆర్షీఫ్ పరీక్షల్లో వాటిని పట్టించిన వాటిలో కాగితంలోని ఈ పదార్థం కూడా ఒకటి. రాసినవాడు కొన్రాడ్ కుయావు, ఆయన ముందునుంచీ మిలిటరీ వస్తువులు అమ్మేవాడే.

ఎలా చేయాలంటే, రాత్రి లైట్లన్నీ ఆర్పేయండి. పక్కపక్కన మూడు కాగితాలు పెట్టండి, ఇవాళ్టి ఏ4 షీటు, మీ ఇంట్లో ఉన్న 1940ల ముందు తెలుగు పుస్తకమో పంచాంగమో, మూడోది మీరు కొన్న కాగితం. ఏ4 ధగధగలాడుతుంది, పంచాంగం మట్టిగా ఉంటుంది. మీది ఏ వైపు ఉందో చెప్పడానికి ఎక్స్‌పర్ట్ అక్కర్లేదు. టార్చ్ కళ్లలోకి కొట్టుకోకండి, పిల్లల చేతికి ఇవ్వకండి.

అందరూ చేసే పొరపాటు ఏంటంటే, మెరవలేదు కాబట్టి ఒరిజినల్ అని డిసైడ్ అయిపోవడం. మెరిస్తే అనుమానం ఖాయం, మెరవకపోతే ఏమీ తేలలేదని అర్థం. పాత పుస్తకాల్లోంచి చింపిన ఖాళీ పేజీల మీద కొత్తగా రాసేవాళ్లున్నారు. గుడ్డ విషయంలో ఇంకో చిక్కు, అసలు యూనిఫాం అయినా ఎవరో డిటర్జెంట్ వేసి ఉతికితే మెరుస్తుంది.

7. ఆటోగ్రాఫ్‌లు

ముందు మనిషి జీవితాన్ని ఒక లైనులో రాసుకోండి. దాని మీద సంతకం తేదీ, పెన్ను, ఫోటో కాగితం పెట్టి చూడండి. ఉదాహరణకి:

జర్మన్ ఫీల్డ్ మార్షల్ రొమ్మెల్ చనిపోయింది 1944 అక్టోబర్ 14న. ఆయన సంతకం బాల్‌పెన్‌తో ఉంటే ఇంకేం చూడక్కర్లేదు, బాల్‌పెన్ జనం చేతికొచ్చింది ఆయన పోయాకే.

ఎరిక్ హార్ట్‌మన్, 352 విమానాలు కూల్చిన పైలట్. 1945 నుంచి 1955 అక్టోబర్ దాకా సోవియట్ ఖైదులో ఉన్నాడు, 1993లో పోయాడు. "1951, మ్యూనిక్" అని తేదీ వేసిన హార్ట్‌మన్ సంతకం ఎవరైనా చూపిస్తే ఆ మ్యూనిక్‌కి ఎలా వచ్చాడో అడగండి.

జర్మన్ నేవీ అడ్మిరల్ డ్యోనిట్స్ 1956 అక్టోబర్ దాకా బెర్లిన్‌లోని ష్పాండావ్ జైల్లో ఉన్నాడు, తర్వాత 1980లో చనిపోయేదాకా ఉత్తరాలకి జవాబిస్తూ విపరీతంగా సంతకాలు పెట్టాడు. కాబట్టి ఆయన సంతకం అరుదేం కాదు, ఎక్కువ ధర పెట్టకండి. ఈయన న్యూరెంబర్గ్ యుద్ధ నేరాల విచారణలో శిక్ష పడిన మనిషి అన్నది కూడా మర్చిపోకండి. ఎవరి సంతకం గోడకి తగిలిస్తున్నారో ముందు చదువుకోండి, పైలట్ అనగానే అందరూ ఒకే రకం కాదు.

ఫెల్ట్ పెన్ అయితే, షార్పీ అనే మార్కర్ వచ్చింది 1964లో. 1980ల్లో, 90ల్లో గున్టర్ రాల్, అడోల్ఫ్ గాలండ్ లాంటి యుద్ధకాలం పైలట్లు ఏవియేషన్ ఆర్ట్ ప్రింట్ల మీద, కొత్తగా కడిగిన ఫోటోల మీద బోలెడు సంతకాలు పెట్టారు. గాలండ్ 1996లో, రాల్ 2009లో పోయారు. అంటే యుద్ధకాలం ఫోటో మీద మార్కర్ సంతకం ఉంటే నకిలీ అనక్కర్లేదు, తర్వాత పెట్టించుకున్నది. అమ్మేవాడు "యుద్ధంలోనే సంతకం చేసింది" అన్నాడా, అప్పుడే అబద్ధం. రెండిటి ధరల్లో చాలా తేడా ఉంది, కొత్తవాళ్లు డబ్బులు పోగొట్టుకునేది ఎక్కువగా ఈ తేడా తెలియకే.

తేదీలు కలిశాక లూప్ తీయండి. సంతకం చుక్కలు చుక్కలుగా విడిపోతే అది ప్రింట్. ఆ రోజుల్లో అచ్చేసిన పోస్ట్‌కార్డుల మీద సంతకం కూడా కలిపి అచ్చేసేవాళ్లు, అమ్మేవాడికీ తెలియక పెన్ సంతకం అనుకుంటాడు. ఫోటోని లైటు కింద వంచి చూడండి, పెన్ ఇంకు ఫోటో మెరుపు మీద విడిగా పడుకుని ఉంటుంది, ప్రింట్ అయితే మెరుపు అడుగున ఉంటుంది. టార్చ్‌ని పక్క నుంచి వేస్తే బాల్‌పెన్ నొక్కుడు గాడి కనబడుతుంది. గీత మొదలైనచోట, ఆగినచోట చూడండి, మనిషి తన సంతకం తను పెడితే చేయి పరిగెడుతుంది, చూసి గీసేవాడి చేయి మలుపుల దగ్గర ఆగి ఆగి పోతుంది, అక్కడ సిరా చిన్న ముద్దలా పడుతుంది.

పోల్చడానికి మీరు తెచ్చుకునే నమూనా సంతకం ఎక్కడిదన్నది ముఖ్యం. హిట్లర్ డైరీల విషయంలో చేతిరాత నిపుణులు పోల్చి చూసి ఒరిజినలే అన్నారు, ఎందుకంటే పోల్చడానికి వాళ్లకిచ్చిన నమూనాల్లో కుయావు రాసినవే ఉన్నాయి. అందుకని గూగుల్ ఇమేజెస్‌లో, అదే అమ్మేవాడి మిగతా లిస్టింగ్‌లలో దొరికే సంతకాలతో పోల్చకండి. ఆర్కైవ్ పత్రాలు, పుస్తకాల్లో అచ్చైన ఉత్తరాలు, వీటితో పోల్చండి. సర్టిఫికెట్ ఉంది కదా అంటారు, ఆ సర్టిఫికెట్ కూడా అదే ప్రింటర్‌లో అచ్చేయొచ్చు, ఇచ్చినవాడు ఎవడు, తప్పైతే డబ్బు వెనక్కిస్తాడా, అంతవరకే దాని విలువ.

8. "ఇప్పుడు ఉత్తరం రాసి సంతకం తెప్పించుకోవచ్చా?"

దాదాపు కుదరదు. 1945లో 17 ఏళ్ల కుర్రాడు పుట్టింది 1928లో, లెక్క మీరే వేసుకోండి. అమెరికా తీరానికి యూ-బోట్ (జర్మన్ జలాంతర్గామి) తీసుకెళ్లిన రైన్‌హార్డ్ హార్డెగెన్ 2018లో 105 ఏళ్ల వయసులో పోయాడు, పేరున్నవాళ్లలో ఆఖరివాళ్ల సంగతే అది. బతికున్న ఎవరి గురించైనా తెలిసినా నేరుగా ఇంటి అడ్రస్ వెతికి పట్టుకోకండి, ఇంటివాళ్ల ద్వారా అడగండి. ఉత్తరం జర్మన్‌లో, చేత్తో, ఒక పేజీ దాటకుండా. జవాబు కవరు మీద స్టాంపు అంటించి పంపండి, ఇండియన్ స్టాంపు అక్కడ చెల్లదు, జర్మనీలో మీకు తెలిసినవాళ్లుంటే వాళ్ల అడ్రసే పెట్టుకోండి. ఒక్క కార్డు కంటే ఎక్కువ పంపొద్దు, ఐదారు పంపితే అమ్ముకోవడానికే అని ఇట్టే తెలిసిపోతుంది. జవాబు రాకపోతే వదిలేయండి, గుర్తు చేస్తూ ఇంకో ఉత్తరం వద్దు.

9. మన లింకు: ఆజాద్ హింద్ వస్తువులు

మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఇవే, నేతాజీ పేరు చెప్తే మనసు ఆగదు కదా. జర్మనీలో ఆయన పెట్టిన ఇండియన్ లీజియన్ (భారతీయ సైనికుల దళం) జర్మన్ ఆర్మీలో 950వ రెజిమెంట్, చేతి మీద మూడు రంగుల మధ్య దూకే పులి, పైన ఫ్రైయెస్ ఇండియెన్ (స్వేచ్ఛా భారత్) అని ఉండే బ్యాడ్జీ. ఆ బ్యాడ్జీ నకిలీలు ఇబ్బడిముబ్బడిగా ఉన్నాయి, యూవీ కింద దారం మెరిస్తే అక్కడే వదిలేయండి.

ఆజాద్ హింద్ స్టాంపులు 1943లో బెర్లిన్ ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. అవి అసలు పోస్టల్ వాడకంలోకే రాలేదు. కాబట్టి పోస్ట్‌మార్క్ కొట్టి ఉన్న ఆజాద్ హింద్ స్టాంపు చూపించి "వాడినది, చాలా రేర్" అంటే ఆ ముద్రే నకిలీకి సాక్ష్యం. ముద్ర లేనివి అంత ఖరీదు కాదు, ఈ హాబీ మొదలుపెట్టడానికి తెలుగువాళ్లకి ఇంతకంటే మంచి వస్తువు నాకైతే కనబడదు.

మెడల్స్‌తో మాత్రం జాగ్రత్త. ఆజాద్ హింద్ మెడల్స్ తయారుచేసింది వియన్నాలోని సూవల్ అనే కంపెనీ. యుద్ధం తర్వాత కూడా ఆ కంపెనీ కలెక్టర్ల కోసం పాత మెడల్స్‌ని మళ్లీ కొట్టి అమ్మింది. కంపెనీ అదే కాబట్టి ఒరిజినలే అన్న వాదన ఇక్కడ పనికిరాదు. ఎవరికిచ్చారో చూపించే కాగితం లేకపోతే తర్వాత కొట్టిన దాని ధరే ఇవ్వండి.

10. కొనేముందు అడగాల్సినవి

ముందూ వెనకా, అంచు, లోపలి పేజీలన్నీ పగటి వెలుతుర్లో ఫోటోలు పంపమనండి. ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి, "మా తాతది" అంటే తాత పేరు, యూనిట్ అడగండి, చెప్పింది కాగితం మీది పేరుతో కలవాలి. కథ ఎంత పొడుగైతే అంత తక్కువ నమ్మండి. నకిలీ అని తేలితే వాపస్ తీసుకుంటానని రాతపూర్వకంగా అడగండి, నిజమైన డీలర్ దీనికి వెనకాడడు. పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ ఆప్షన్‌లో పంపమంటే అక్కడే ఆపేయండి. ఉత్తరాల కట్ట మొత్తం ఒకే మనిషిదైతే విడగొట్టకుండా కొనండి, బేరమూ కుదురుతుంది, తేదీలు ఒకదానితో ఒకటి చెక్ చేసుకోవడానికీ పనికొస్తుంది.

11. దాచుకోవడం

విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్లకి ఇది పెద్ద సమస్య, ఉప్పుగాలికి ఇనుప పలక ఒక వానాకాలంలోనే పొక్కులు పోతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి పెట్టండి, అవి రంగు మారినప్పుడల్లా మార్చండి. బ్రాసో, పీతాంబరి, చింతపండు, ఏదీ పెట్టి తోమొద్దు, తోమిన మెడల్ తోమినట్టే తెలిసిపోతుంది, విలువ సగానికి పడుతుంది.

ఉత్తరాలు లామినేషన్ చేయించొద్దు. మనవాళ్లకి సర్టిఫికెట్ కనబడగానే లామినేషన్ షాపు గుర్తొస్తుంది, ఆ వేడికి, జిగురుకి కాగితం పని అయిపోయినట్టే, మళ్లీ వెనక్కి తీయలేం. సెల్లోటేప్ కూడా వద్దు. కాగితం పట్టుకోవడానికి గ్లోవ్స్ కంటే కడిగి ఆరిన చేతులే నయం, ఫోటోలకి, మెడల్స్‌కి మాత్రం కాటన్ గ్లోవ్స్ వేసుకోండి.

ఎక్సెల్ షీట్‌లో ఒక్కో వస్తువుకి ఒక లైను. ఏంటది, ఎవరిది, ఎప్పుడు ఎక్కడ కొన్నారు, ఎంత, చేసిన పరీక్షలు, కలవని తేదీలు, రెండు ఫోటోలు. ఆ షీటు ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి, లేకపోతే మీ తర్వాత మొత్తం కట్ట పాత పేపర్లవాడి తక్కెడలోకి వెళ్తుంది. ఫోటో పంపి నన్ను అడగాలనుకునేవాళ్లు కూడా అంచు ఫోటో, వెనక ఫోటో, యూవీ ఫోటో మూడూ కలిపి పంపండి, ఎదురుగా తీసిన ఒక్క ఫోటో చూసి నేనేం చెప్పలేను.